కుటుంబ కాగితాలు - స్త్రీల చరిత్ర - స్త్రీల హక్కులు

(కోనసీమలోని కాట్రేనికోనలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల మీద జరుగుతున్న సమావేశంలో నన్ను పాత కాగితాల గురించి మాట్లాడమన్నారు. ఇందుకు కారణం ఉంది. మన దగ్గరకు వచ్చే సమస్య ఏదైనా తీసుకోండి. భర్త కొట్టి తరిమేసిన ఆమె కావచ్చు, సముద్రంలో మనిషి గల్లంతైన ఇల్లు కావచ్చు, ఇళ్ల స్థలం పట్టా కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న ఆమె కావచ్చు. ఆఫీసులో మొదట అడిగే మాట ఒకటే: "కాగితం ఏదమ్మా?" ఆ కాగితం మన ఆడవాళ్ల దగ్గర ఉండదు. ఎందుకుండదు? కాగితం ఎవరి పేరు మీద పుడుతుంది, ఎవరి పెట్టెలో ఉంటుంది, ఎవరు పారేస్తారు? ఇది కేవలం చదువు రాకపోవడం వల్ల వచ్చిన సమస్య కాదు. ఆస్తి, కులం, పురుషాధిపత్యం కలిసి తయారుచేసిన సమస్య. దీన్ని అర్థం చేసుకోవడానికి మీకు ఒక ఇంగ్లీషు వ్యాపార కుటుంబం కాగితాల గురించి చెబుతాను. వాళ్లకీ మన గోదావరి నీళ్లకీ, మన నేతకీ సంబంధం ఉంది కాబట్టే ఆ కుటుంబాన్ని ఎంచుకున్నాను.

ఇంగ్లండులో 1650ల్లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన బోధనలతో ఒక మతశాఖ మొదలైంది. వాళ్లు తమను 'మిత్రుల సమాజం' అని పిలుచుకున్నారు. బయటివాళ్లు క్వేకర్లు అన్నారు. వాళ్లకు పూజారి లేడు. ప్రార్థనలో ఎవరికి మాట్లాడాలనిపిస్తే వాళ్లు లేచి మాట్లాడవచ్చు, ఆడవాళ్లయినా సరే. స్త్రీలు మతం గురించి మాట్లాడడం న్యాయమేనని వాదిస్తూ మార్గరెట్ ఫెల్ 1666లోనే ఒక చిన్న పుస్తకం రాసింది. వీళ్లు రాజు ముందు టోపీ తీయమన్నారు, కోర్టులో ప్రమాణం చేయమన్నారు, చర్చికి పన్ను కట్టమన్నారు. అందుకని వేలమందిని జైళ్లలో పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగాలూ పెద్ద విశ్వవిద్యాలయాలూ చాలాకాలం వాళ్లకు మూసే ఉన్నాయి. దాంతో ఎక్కువమంది వ్యాపారంలోకి వెళ్లారు. మన పిల్లలు తినే క్యాడ్బరీ చాక్లెట్, మనం పేరు వినే బార్క్లేస్ బ్యాంకు, క్లార్క్స్ బూట్లు, ఇవన్నీ క్వేకర్ కుటుంబాలు పెట్టినవే.

వీళ్లలో మనం గమనించాల్సిన లక్షణం ఒకటుంది. జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం. చర్చి పన్ను కట్టనందుకు అధికారులు ఇంటి మీద పడి ఆవునో, ఇత్తడి గిన్నెనో, దుప్పటినో జప్తు చేసేవారు. ఏ ఊళ్లో, ఎవరింట్లో, ఏ వస్తువు, దాని ఖరీదెంత, ఎవరు పట్టుకుపోయారు అన్నది స్థానిక సమావేశం రాసి లండనుకు పంపేది. అక్కడ ఆ వివరాలన్నీ 'బాధల పుస్తకం' అనే పెద్ద గ్రంథాల్లోకి ఎక్కించేవారు. ఆ లెక్కలు పట్టుకునే వాళ్లు పార్లమెంటు ముందుకు వెళ్లి వాదించారు. ఒక్కొక్కరి మీద విడిగా జరిగిన దౌర్జన్యం అలా ఒకచోట చేరి, అందరూ చూడగలిగిన సాక్ష్యమైంది.

ఇక పెళ్లి. పూజారి లేడు గనక వధూవరులే అందరి ముందూ లేచి ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెబుతారు. ఆ మాటలు ఒక పత్రం మీద రాసి, హాజరైనవాళ్లంతా, ఆడవాళ్లూ పిల్లలతో సహా, సంతకాలు పెడతారు. ఆడవాళ్లకు వేరుగా సమావేశాలుండేవి. వాటికి మినిట్స్ పుస్తకాలుండేవి. పేదలకు సాయం, పెళ్లిళ్ల విచారణ లాంటివి వాళ్లు చూసేవారు. మగవాళ్ల సమావేశాలతో సమానమైన అధికారం వీటికి పంతొమ్మిదో శతాబ్దం చివరి వరకూ రాలేదు. అయినా రెండు వందల ఏళ్లపాటు ఆడవాళ్లు తమ నిర్ణయాలను తమ చేత్తో రాసుకున్నారు. ఆ అలవాటు ఇళ్లలోకి కూడా వచ్చింది.

అలాంటి ఇల్లే బ్రైట్ - క్లార్క్ కుటుంబం. మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్‌లో వీళ్లకు పత్తి మిల్లు ఉండేది. ఆ ఇంటివాడు జాన్ బ్రైట్ (1811-1889) ఇంగ్లండు పార్లమెంటులో పేరుమోసిన సంస్కరణవాది. ఆయన కూతురు హెలెన్ 1866లో స్ట్రీట్ అనే ఊరికి చెందిన విలియం క్లార్క్‌ను పెళ్లి చేసుకుంది. బూట్ల ఫ్యాక్టరీ ఉన్న క్లార్క్ కుటుంబం వాళ్లది. ఈ కుటుంబాల ఉత్తరాలు, డైరీలు, ఇంటి ఖర్చుల పద్దులు ఈనాటికీ ఆ స్ట్రీట్ ఊళ్లోనే భద్రంగా ఉన్నాయి. వాటిని నాయనమ్మలు, మేనత్తలు, పెళ్లికాని పినతల్లులు తరం నుంచి తరానికి చేతులు మారుస్తూ దాచారు. చరిత్రకారిణి శాండ్రా హోల్టన్ ఈ కాగితాలను చదివి 2007లో క్వేకర్ స్త్రీల మీద పుస్తకం తెచ్చింది. పార్లమెంటు ఉపన్యాసాల్లో కనిపించని చరిత్ర అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు మన గోదావరి వైపు వద్దాం. ఇక్కడికి దగ్గర్లోని ఇంజరం, అల్లవరం పక్కనున్న బెండమూర్లంక, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం, ఇవన్నీ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ బట్ట కొనుగోలు చేసిన స్థావరాలు. మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషులో 'మాదపొల్లం' అనే ఒక రకం బట్టకు పేరుగా నిలిచిపోయింది. 1830 వచ్చేసరికి కంపెనీ ఇక్కడ బట్ట కొనడం మానేసింది. లాంకషైర్ మిల్లుల బట్ట, నూలు ఇక్కడికే దిగుమతి కావడం మొదలైంది. దానికి తోడు 1832 తుపాను, 1833 కరువు, 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన. గోదావరి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు చనిపోయో, వలసపోయో లేకుండా పోయారన్న మాట.

జాన్ బ్రైట్ ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. క్వేకర్లు బానిసత్వాన్ని వ్యతిరేకించారు. కానీ లాంకషైర్ మిల్లులు నడిచేది అమెరికాలో బానిసలు పండించిన పత్తితో. డార్లింగ్టన్‌కు చెందిన జోసఫ్ పీజ్ అనే క్వేకర్ వ్యాపారి, మరికొందరు కలిసి 1839లో బ్రిటిష్ ఇండియా సొసైటీ పెట్టారు. భారతదేశపు రైతుకు న్యాయం చేసి ఇక్కడ పత్తి పండిస్తే బానిసల పత్తి అవసరం ఉండదన్నది వాళ్ల వాదన. 1848లో భారతదేశంలో పత్తి సాగు మీద పార్లమెంటు వేసిన కమిటీకి బ్రైట్ అధ్యక్షుడు. ఆ సమయంలోనే, 1847 నుంచి 1852 వరకు, మన ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. తర్వాతి కాలంలో ఆర్థర్ కాటన్ కాలువల వాదాన్ని ఇంగ్లండులో బలపరిచినవాళ్లలో బ్రైట్ కూడా ఒకరు. కాబట్టి ఆ కుటుంబం మనకు మరీ పరాయిది కాదు. మన కాలువల చరిత్రలో, మన మగ్గాల చరిత్రలో వాళ్ల మిల్లూ ఉంది, వాళ్ల మానవతావాదమూ ఉంది.

అయితే ఆ కమిటీ సాక్ష్యం అడిగింది అధికారుల్ని, వ్యాపారుల్ని. పత్తి వడికే ఆడదాన్ని ఎవరూ అడగలేదు. కంపెనీ లెక్కల్లో నేతగాళ్ల ఊసు వస్తుంది. ఎందుకంటే వాళ్లకు బయానాలిచ్చి అప్పులో ఉంచారు. ఆ బయానా బట్టకు నూలు వడికిన ఆడవాళ్లకు పేర్లుండవు. రాట్నం మీద బతికిన వితంతువులు, ముసలివాళ్లు, అన్ని కులాల పేద స్త్రీలు ఎంతమంది కూడు పోగొట్టుకున్నారో చెప్పే పద్దు లేదు. పేదవాడి పేరు కాగితం మీదికి ఎక్కేది బాకీదారుగానే. పేద స్త్రీ పేరు అలా కూడా ఎక్కదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనికి మళ్లీ వస్తాను.

క్వేకర్ల కాగితాలను చూసి వాళ్లకు చేతులు జోడించమని నేను చెప్పడం లేదు. బానిసత్వాన్ని ఎదిరించిన సమాజానికే చెందిన క్యాడ్బరీ కంపెనీ, పోర్చుగీసు దీవి సావోతోమేలో బానిసల్లాంటి కూలీలతో కోకో పండిస్తున్నారని 1901లో విని కూడా 1909 వరకు అక్కడ కొంటూనే ఉంది. సంస్కరణ ఇంట్లోకి వచ్చేసరికి ఏమైందో కూడా చూడాలి. 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. అమెరికా నుంచి ప్రతినిధులుగా వచ్చిన లుక్రీషియా మాట్ లాంటి స్త్రీలను ప్రతినిధులుగా కూర్చోనివ్వలేదు. పక్కన ప్రేక్షకుల్లా కూర్చోమన్నారు. వాళ్ల పక్షాన నిలిచిన ఎలిజబెత్ పీజ్ ఇందాక చెప్పిన జోసఫ్ పీజ్ కూతురు. తండ్రి ఉద్యమానికి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపింది ఆమే. ఆమె బోస్టన్‌లోని మిత్రులకు రాసిన ఉత్తరాలు అక్కడి గ్రంథాలయంలో ఉన్నాయి.

బ్రైట్ ఇంట్లోనూ ఇదే. కార్మికులకు ఓటుహక్కు కావాలని దేశమంతా తిరిగిన బ్రైట్, 1876లో స్త్రీల ఓటుహక్కుకు వ్యతిరేకంగా పార్లమెంటులో మాట్లాడాడు. ఆయన చెల్లెలు ప్రిసిల్లా ఎడింబరోలో ఓటుహక్కు సంఘానికి నాయకురాలు. కూతురు హెలెన్ 1866 నాటి స్త్రీల ఓటుహక్కు విజ్ఞాపన మీద సంతకం పెట్టింది. 1883లో లీడ్స్ సభలో తండ్రి అభిప్రాయానికి విరుద్ధంగా, స్త్రీల ఓటు కోసం లేచి మాట్లాడింది. తండ్రి మీద ప్రేమ పోగొట్టుకోకుండానే ఆయన రాజకీయాన్ని ఎదిరించిన కూతురు ఆమె. మనలో చాలామందికి ఈ పరిస్థితి తెలుసు. ఇంటి మగవాళ్లు ఊళ్లో అభ్యుదయవాదులు, ఇంట్లో వేరు. హెలెన్ తరం స్త్రీలు ఆ వైరుధ్యాన్ని ఎలా మోశారో మనకు తెలిసేది వాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల వల్లే.

హెలెన్ కూతురు ఆలిస్ క్లార్క్ 1874లో పుట్టింది. తమ బూట్ల ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, ఓటుహక్కు ఉద్యమంలో తిరిగి, నడివయసులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధన చేసింది. పదిహేడో శతాబ్దపు స్త్రీల శ్రమ మీద 1919లో ఆమె ప్రచురించిన పుస్తకం స్త్రీల శ్రమ చరిత్రకు తొలి గ్రంథాల్లో ఒకటి. ఇంట్లో సాగిన ఉత్పత్తిలో స్త్రీకి ఒక స్థానం ఉండేదని, పెట్టుబడిదారీ పద్ధతి దాన్ని ఊడబెరికిందని ఆమె వాదన. దాన్ని తర్వాతివాళ్లు చాలా విమర్శించారు. పూర్వం అంత బాగా ఏమీ లేదన్నారు. కానీ ఇంటి పద్దుల్లో, కోర్టు రికార్డుల్లో, ఊరి లెక్కల్లో స్త్రీల పనిని వెతకవచ్చని చూపించింది ఆమే. పద్దులు దాచుకునే ఇంట్లో పుట్టిన మనిషికి ఆ చూపు రావడంలో ఆశ్చర్యం లేదు.

అదే 1874లో మన తెలుగుదేశంలో భండారు అచ్చమాంబ పుట్టింది. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి సాయంతో చదువు నేర్చుకుంది. కన్నబిడ్డల్ని పోగొట్టుకుంది. ఆ దుఃఖంలోనే దేశదేశాల స్త్రీల చరిత్రలు సేకరించి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. 1902లో 'ధన త్రయోదశి' కథ రాసింది. మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టింది, ఊళ్లు తిరిగింది. 1905లో, ముప్ఫై ఏళ్లు దాటీ దాటకముందే చనిపోయింది. స్త్రీలకు చరిత్ర ఉందని ఆలిస్ కంటే 18 ఏళ్ల ముందే అచ్చులో చెప్పింది. ఒకామె వెనుక నాలుగు తరాల కాగితాలు దాచిన ఇల్లుంది, చదువుకునే డబ్బుంది. రెండో ఆమె అన్నీ తనే వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరి మధ్యా తేడా తెలివిది కాదు.

మరి మన వ్యాపారులు, సంస్కర్తల సంగతేమిటి? గోదావరి జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమానికి డబ్బు పెట్టింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. పదివేల రూపాయలు ఇస్తానని ముందుకొచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. వెలివేతకు గురైన దంపతులకు తిండీ ఇల్లూ చూపాలంటే అంత డబ్బూ కావాల్సి వచ్చింది. ఒక వర్తకుడి డబ్బు, ఒక పంతులు గారి కలం కలిస్తే ఆ ఉద్యమం సాగింది. ఇదంతా మనకెలా తెలుసు? వీరేశలింగం గారు స్వీయచరిత్ర రాశారు కాబట్టి, పత్రిక నడిపారు కాబట్టి.

ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు రాసుకున్న స్వీయచరిత్ర లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన పేరు బాపమ్మ. అత్తింటికొచ్చాక రాజ్యలక్ష్మి అయింది. పెళ్లిళ్లు చేయిస్తున్నారని వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే గోదావరి నుంచి నీళ్లు మోసింది, వంట చేసింది, ఇంటికొచ్చిన వితంతు బాలికలను సాకింది. ఇవన్నీ ఇతరులు చెప్పగా మనకు తెలిసినవే. ఇక ఆ పెళ్లికూతుళ్లు? పన్నెండేళ్ల, పదమూడేళ్ల పిల్లలు. ఊరంతా రాళ్లు విసురుతుంటే పీటల మీద కూర్చున్న ఆ పిల్లలకు ఏమనిపించింది? ఆ తర్వాత వాళ్ల కాపురాలు ఎలా నడిచాయి? వాళ్ల గొంతుతో మనకు చేరింది దాదాపు ఏమీ లేదు.

ఆ పెళ్లిళ్లకు ఆధారమైన 1856 వితంతు పునర్వివాహ చట్టం సంగతి కూడా చూడండి. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చన్న చట్టమే, రెండో సెక్షనులో, చేసుకున్న రోజునే మొదటి భర్త ఆస్తిలో ఆమె హక్కు ఆమె చనిపోయినట్టు లెక్కగట్టి పోతుందని చెప్పింది. సంస్కరణ చరిత్ర పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువగా చదువుతాం. పెళ్లి గురించి మగవాళ్లు రాశారు. పోయిన పొలం గురించి ఆమె రాసి ఉండేది, రాయగలిగి ఉంటే.

ఇక కోనసీమ నుంచే ఇంకో మాట. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడక్టు 1850ల నాటిది. దాని స్థానంలో 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టిన ఆమె పేరు నీళ్ల మీద నిలవడం సంతోషమే. కానీ ఆ నీళ్లతో పండిన పొలాల్లో నాట్లు వేసిన మాల, మాదిగ స్త్రీల పేర్లు, రేవుల్లో చేపల బుట్టలు మోసిన స్త్రీల పేర్లు ఏ రాతి మీదా లేవు. క్వేకర్ ఇంటి కాగితాలైనా, సంస్కర్తల స్వీయచరిత్రలైనా ఆస్తీ అక్షరమూ ఉన్నవాళ్లవే. అక్షరం అందని స్త్రీల చరిత్ర రాయాలంటే వాళ్ల దగ్గరకు వెళ్లి వినాలి. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ పనే చేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని రికార్డు చేసి అచ్చువేసింది. అప్పటికి దాదాపు నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే ఆ గొంతుల్లో ఎన్నో మిగిలేవి కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం సాధించింది. రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. ఆమె పక్కన చీపుళ్లు పట్టుకుని నిలబడిన మిగతావాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇప్పుడు మన మండలానికి వద్దాం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఇక్కడున్న పెద్దవాళ్లెవరూ మరిచిపోలేరు. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. శవం దొరికితే మరణం నమోదవుతుంది. శవం దొరక్కపోతే? ఏడేళ్లపాటు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చన్నది 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షను నియమం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే కొనసాగుతోంది. ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వులిచ్చినప్పుడు తప్ప ఆ ఏడేళ్లూ ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. పింఛను లేదు, భర్త పేర ఉన్న వాటి మీద హక్కు లేదు.

అసలు అతను ఆ రోజు పడవ ఎక్కాడని ఎలా రుజువు చేయాలి? ఈ తీరంలో ఒకామె నాతో అంది: "ఆయ్, మా ఆయన పేరు సావుకారి పుస్తకంలో ఉందండి. బాకీ కింద ఉంది." వేటకు ముందు తీసుకున్న బయానా పద్దు ఒక్కటే ఆ మనిషి బతికి ఉన్నాడనడానికి, ఫలానా పడవలో పనిచేశాడనడానికి సాక్ష్యం. ఆ పుస్తకం ఆమె చేతికి రాలేదు. బాకీ మాత్రం ఆమె మీదికి వచ్చింది. ఇంజరంలో కంపెనీ గుమాస్తా రాసిన పద్దుకీ దీనికీ నడుమ రెండు వందల ఏళ్లు గడిచాయి. పేదవాడు ఇంకా బాకీదారుగానే కాగితం ఎక్కుతున్నాడు, అతని భార్య ఇంకా కాగితం బయటే ఉంది.

కాబట్టి మనం చేయాల్సిన పని ఏమిటి? నాకు తోచినవి చెబుతాను. మీ అనుభవంతో సరిచేయండి.

మొదటిది, చట్టం ఇప్పటికే రాయమన్న కాగితాలు రాయించడం. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం పెళ్లిలో పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా ఆమె దగ్గర ఉండాలి. వస్తువేమిటి, సుమారు ఖరీదెంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అని రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. క్వేకర్ పెళ్లి పత్రం లాంటిదే ఇది. కానీ మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాస్తారు, అది మగవాళ్ల పెట్టెలోకి వెళుతుంది. రేపు ఆమెను తరిమేస్తే స్త్రీధనం ఏదని కోర్టు అడుగుతుంది. పెళ్లి నమోదు కూడా అంతే. 2002 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో తప్పనిసరి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అక్కడి నుంచి తిరుగుడే తిరుగుడు.

రెండోది, ఆస్తి. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన 1985 సవరణ, 2005 కేంద్ర సవరణ కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చాయి. నోటిమాటగా ఎప్పుడో పంపకాలైపోయాయని అన్నదమ్ములు చెబితే మామూలుగా చెల్లదని, గట్టి ప్రభుత్వ పత్రాల ఆధారం ఉండాలని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం లేకపోవడం ఒక్కోసారి ఆడపిల్లకే మేలు చేస్తుందన్న మాట. కానీ పుట్టింటికి వెళ్లినప్పుడు తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టేది కూడా ఆడపిల్లే. ఏ కాగితం రాయించాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో రెండూ నేర్పాలి.

మూడోది, మన 'బాధల పుస్తకం'. ఒక్కో సంఘం దగ్గరకు ఎన్ని కేసులు వస్తున్నాయో మనకే లెక్క ఉండదు. 2005 గృహహింస చట్టం కింద సంఘటన నివేదిక రాయడానికి రక్షణాధికారితోపాటు నమోదైన సేవాసంస్థలకూ అధికారం ఉంది. ఆ నివేదికలు రాయాలి, నకళ్లు ఉంచుకోవాలి. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏం జరిగింది, ఏ ఆఫీసుకు వెళ్లాం, అక్కడ ఏమన్నారు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో ఉండాలి. ఇరవై ఊళ్ల పుస్తకాలు కలిపి పెడితే కలెక్టరు ముందు "ఏదో ఒక ఇంటి గొడవ" అనే మాట చెల్లదు. వేట పడవ బయలుదేరే రోజున అందులో ఎక్కినవాళ్ల పేర్లు ఒడ్డున ఉన్న ఆడవాళ్ల సంఘం రాసుకోగలిగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. రాసిన ప్రతిదీ ఎవరి చేతికైనా చిక్కవచ్చు. అత్యాచారానికి గురైన అమ్మాయి పేరు, అబార్షన్ చేయించుకున్న ఆమె పేరు బయటపడితే ఆమె బతుకు నాశనమవుతుంది. ఆమె ఒప్పుకోకుండా రాయకూడదు. రాసినది తాళం వేసి ఉంచాలి, ఎవరు చూడవచ్చో ముందే తేల్చుకోవాలి. తన మాట తనకు చదివి వినిపించి, ఆమె వద్దన్నది కొట్టేయాలి. కాగితం ఆమెకు పనికిరావాలి, మన రిపోర్టుకు మాత్రమే కాదు. ప్రాజెక్టు అయిపోగానే ఫైళ్లు కట్టగట్టి చిత్తుకాగితాల వాడికి అమ్మేసే సంస్థలు మనకు తెలియనివి కావు. పనిచేసిన ఊరి స్త్రీల చేతిలో ఒక నకలు ఉండాలి.

నాలుగోది, మన సొంత చరిత్ర. మన సంఘాల తొలి మినిట్స్ పుస్తకాలు, కరపత్రాలు, ధర్నా ఫోటోలు, ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు ఎక్కడున్నాయి? చాలావరకు ఎవరో ఒక అక్కయ్య అటక మీద, చెదలు పడుతూ ఉన్నాయి. మన కోనసీమ తేమకు కాగితం ఎన్నాళ్లు ఆగుతుంది? ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు బాధ్యత తీసుకోండి. రాయగలిగినవాళ్లు రాయండి. రాయలేనివాళ్లు చెబితే రాసుకోండి. ఫోటో వెనక పేర్లు రాయండి, ఎడమ నుంచి కుడికి అందరివీ, నాయకురాలిది ఒక్కటే కాదు.

క్లార్క్ ఇంటి స్త్రీలు ఉత్తరాలు దాచగలిగారంటే వాళ్లకు తాళం వేసే బీరువా ఉంది, గది ఉంది, తీరిక ఉంది, వాళ్ల తరఫున బట్టలుతికే పనివాళ్లూ ఉన్నారు. మనకు అవి లేవు. సంఘం ఉంది. ఒకామె ఇంటి పెట్టె చెయ్యలేని పని సంఘం బీరువా చేయాలి. ఈ మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చున్నప్పుడు మీ ఊళ్లో 1996లో గల్లంతైనవాళ్ల భార్యలు, తల్లుల పేర్లతో జాబితా మొదలుపెట్టమని కోరుతున్నాను. ఎవరికి మరణ పత్రం వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరికి ఇంటి పట్టా ఎవరి పేరు మీద ఉంది, అన్నీ రాయండి. సాయంత్రం ఆ జాబితాలు చదువుకున్నాక, ఎవరి తరఫున ఏ ఆఫీసుకు ముందు వెళ్లాలో నిర్ణయించుకుందాం.